కొత్త తండ్రి కుంగిపోతే ఇంటివాళ్లు ఏం చేయాలి?

ఇంట్లో బిడ్డ పుట్టిందంటే అందరి దృష్టీ బాలింత మీద, బిడ్డ మీద ఉంటుంది. పథ్యం ఏం పెట్టాలి, ఒంటికి నూనె ఎవరు రాయాలి, బారసాల ఎప్పుడు చేయాలి అనే హడావిడిలో ఇల్లంతా మునిగిపోతుంది. తండ్రి అయినవాణ్ణి "స్వీట్లు ఎప్పుడు పెడుతున్నావు?" అని అడిగేవారే గానీ "నువ్వెలా ఉన్నావు?" అని అడిగేవారు అరుదు. అతనూ నవ్వి ఊరుకుంటాడు. కానీ కొందరు తండ్రుల్లో ఆ నవ్వు వెనకాల దిగులు గూడు కట్టుకుంటుంది. వారాలు గడిచేకొద్దీ అది తగ్గకపోగా ముదురుతుంది.

ప్రసవం తర్వాత బాలింతలకు కుంగుబాటు వస్తుందని ఇప్పుడు చాలామందికి తెలుసు. అదే జబ్బు తండ్రికీ వస్తుందంటే మాత్రం నమ్మరు. "కన్నది ఆవిడ, ఇతనికేమొచ్చింది?" అని తేలిగ్గా తీసేస్తారు. ఈ ఒక్క మాట వల్లే ఎంతోమంది తండ్రులు తమ బాధను నోరు విప్పి చెప్పుకోలేకపోతున్నారు. నిజానికి ఇది సోమరితనమూ కాదు, బాధ్యత తప్పించుకునే ఎత్తూ కాదు. వైద్యంతో నయమయ్యే జబ్బు. అయితే ఈ జబ్బు ఉన్న మనిషి తనంతట తాను వైద్యుని దగ్గరకు వెళ్లడం తక్కువ. అందుకే ఈ వారం తండ్రుల కంటే ఎక్కువగా వారి చుట్టూ ఉండే మీతో మాట్లాడుతున్నాం. మీరు అతని తల్లి కావచ్చు, అత్తగారు కావచ్చు, అన్నయ్య, బావమరిది, స్నేహితుడు ఎవరైనా కావచ్చు.

ఎంతమందికి వస్తుంది?

2010లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక 'జామా'లో ఒక పెద్ద పరిశీలన వెలువడింది. అప్పటివరకు వచ్చిన 43 అధ్యయనాలను, వాటిలోని 28,004 మంది వివరాలను కలిపి లెక్క తీశారు. భార్య నెల తప్పినప్పటి నుంచి బిడ్డకు ఏడాది నిండేలోగా ప్రతి 100 మంది తండ్రుల్లో సుమారు 10 మందికి కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల వయసున్న కాలంలో ఈ సంఖ్య మరింత పెరిగి, నూటికి 25 దాకా వెళ్లింది. ఈ రెండో అంకెకు ఆధారమైన అధ్యయనాలు తక్కువ కనుక దాన్ని కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి. భార్యకు కుంగుబాటు ఉన్న ఇళ్లలో భర్తకూ వచ్చే అవకాశం ఎక్కువని కూడా అదే పరిశీలన తేల్చింది.

ఆ మూడు నుంచి ఆరు నెలల కాలాన్ని మన ఇళ్ల పద్ధతితో కలిపి చూడండి. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. షోలాపూర్‌లో మరమగ్గం నడిపే భర్త గానీ, బెంగళూరులో ఉద్యోగం చేసే భర్త గానీ ఒంటరిగా ఉండి, హోటల్లోనో మెస్సులోనో తింటూ నెలలు గడుపుతాడు. పురుడు వచ్చినప్పుడు ఒకసారి, బారసాలకు ఒకసారి వెళ్లి వస్తాడు. అత్తవారింట్లో అల్లుడి మర్యాదలకు లోటుండదు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, బిడ్డను తెచ్చి అయిదు నిమిషాలు చూపించి లోపలికి తీసుకుపోతారు. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారెతో పాటు తల్లీబిడ్డా అతని ఇంటికి వస్తారు. తోడు వచ్చిన పెద్దవాళ్లు వారం పది రోజులుండి వెళ్లిపోతారు. అప్పటిదాకా బిడ్డను సరిగా ఎత్తుకోవడం కూడా అలవాటు కాని మనిషి ఒక్కసారిగా రాత్రిళ్లు మేలుకునే తండ్రి కావాలి. అంటే సాయం చేసేవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లే సమయమూ, కుంగుబాటు ఎక్కువగా కనిపించే సమయమూ ఒకటే అవుతున్నాయి. మీరు జాగ్రత్తగా ఉండవలసింది ముఖ్యంగా ఆ రోజుల్లోనే.

కారణాలేమిటి?

దీనికి ఒకే కారణం అంటూ ఉండదు. చాలా కలిసి వస్తాయి.

మొదటిది నిద్రలేమి. రెండు మూడు గంటలకోసారి లేచే బిడ్డ, తెల్లారితే డ్యూటీ. రెండోది డబ్బు చింత. ఆపరేషన్ కాన్పు అయినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంక్యుబేటర్‌లో ఉంచవలసి వచ్చినా అప్పులు తప్పవు. మూడోది భార్యకు కుంగుబాటు ఉండటం, లేదా భార్యాభర్తల మధ్య గొడవలు. నాలుగోది గతంలో ఎప్పుడైనా అతనికి కుంగుబాటు వచ్చి ఉండటం. చుట్టాలు, స్నేహితులు దూరంగా ఉండటం అయిదోది. ఊరు వదిలి పరాయి రాష్ట్రంలో కాపురం ఉండేవారికి ఇది బాగా తెలుసు.

శరీరంలోనూ మార్పులు వస్తాయి. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో 624 మంది యువకులను కొన్నేళ్ల పాటు గమనించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. తండ్రులైన వారిలో పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ బాగా తగ్గినట్లు అందులో తేలింది. బిడ్డల పనులు ఎక్కువగా చేసేవారిలో అది మరింత తక్కువగా ఉంది. ఇది సహజమైన మార్పే, జబ్బు కాదు. బిడ్డ రాకకు తల్లి శరీరమే కాక తండ్రి శరీరం కూడా స్పందిస్తుందని గ్రహించడానికి ఈ సంగతి చెబుతున్నాం.

ఎలా గుర్తుపట్టాలి?

కుంగుబాటు అనగానే మూల కూర్చుని ఏడ్చే మనిషి మన కళ్లముందు మెదులుతాడు. మగవాళ్లలో అది తరచు అలా ఉండదు. ఈ కింది మార్పులు గమనించండి:

- చిన్న విషయానికే విసుగు, కోపం, సామాన్లు విసరడం.
- పని లేకున్నా ఆలస్యంగా ఇంటికి రావడం, ఓవర్‌టైం అడిగి మరీ చేయడం.
- మందు, సిగరెట్, గుట్కా పెరగడం.
- బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం, లేదా సెలవు రోజంతా పడుకునే ఉండటం.
- తలనొప్పి, కడుపులో మంట, గుండె పట్టేసినట్టు ఉండటం. పరీక్షల్లో ఏమీ తేలకపోవడం.
- బిడ్డను ఎత్తుకోవడానికి వెనుకాడటం, "నాకు ఏ భావమూ కలగడం లేదు" అనడం.
- ఇష్టమైన క్రికెట్, సినిమా, స్నేహితులు ఏదీ పట్టకపోవడం.
- "నేను పనికిరాను", "నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు" వంటి మాటలు.

ఒకటి రెండు రోజుల చిరాకు ఏ తండ్రికైనా సహజం. ఇలాంటి మార్పుల్లో కొన్ని కలిసి రెండు వారాలకు పైగా రోజూ ఉంటే వైద్యునికి చూపించాలి. చివరి లక్షణం కనబడితే రెండు వారాలు ఆగనక్కర్లేదు, ఆ రోజే కదలాలి.

ఆస్పత్రుల్లో 'ఎడిన్‌బరో' ప్రశ్నావళి అని ఒకటి వాడతారు. 1987లో స్కాట్లాండ్‌లో బాలింతల కోసం తయారుచేసిన 10 ప్రశ్నలివి. గడచిన ఏడు రోజుల్లో మనసు ఎలా ఉందో అడుగుతాయి. తండ్రులకూ ఇదే వాడుతున్నారు. అయితే 2001లో ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం ప్రకారం తండ్రుల విషయంలో తల్లుల కంటే రెండు మార్కులు తక్కువకే జాగ్రత్త పడాలి. మగవాళ్లు ఏడ్చామని ఒప్పుకోవడం తక్కువ కదా. అంటే మీ అబ్బాయి "ఏదో కొంచెం దిగులుగా ఉంది" అన్నాడంటే, అసలు బాధ అంతకంటే ఎక్కువే ఉండవచ్చని అనుకోండి.

దీన్ని పట్టించుకోకపోతే నష్టం అతనొక్కడికే కాదు. 2005లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, బిడ్డ పుట్టిన 8 వారాలకు కుంగుబాటులో ఉన్న తండ్రుల పిల్లలను మూడున్నరేళ్ల వయసులో పరిశీలించారు. మిగతా పిల్లల కంటే వారిలో మొండితనం, భయాలు వంటి సమస్యలు ఎక్కువగా కనిపించాయి. అలా ప్రతి బిడ్డకూ జరుగుతుందని కాదు. తండ్రికి చేసే వైద్యం బిడ్డకు కూడా మేలు చేస్తుందని దీని సారాంశం.

యునానీ వైద్యం ఏమంటుంది?

యునానీ లెక్కలో శరీరంలో నాలుగు అఖ్లాత్‌లు, అంటే ధాతు రసాలు ఉంటాయి. దమ్ అంటే రక్తం, బల్గమ్ అంటే కఫం, సఫ్రా అంటే పసుపు పిత్తం, సౌదా అంటే నల్ల పిత్తం. సౌదా గుణం చల్లదనం, పొడిదనం. అది హద్దు మీరితే మనిషికి కారణం లేని భయం, దిగులు, ఒంటరితనం మీద మక్కువ కలుగుతాయని ప్రాచీన హకీములు రాశారు. ఆ స్థితికి వారు పెట్టిన పేరు మాలీఖోలియా. గ్రీకు భాషలో ఆ మాటకు అర్థం నల్ల పిత్తమే. 980 నుంచి 1037 వరకు జీవించిన ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్' గ్రంథంలో దీన్ని వివరంగా చర్చించాడు.

అంతకు ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో కలిపి రాశాడు. దుఃఖాన్ని ఆయన రెండుగా విడదీశాడు. ఒకటి కారణం తెలిసినది, మరొకటి కారణం తెలియనిది. రెండో రకం దుఃఖానికి శరీరంలోనే మూలం ఉంటుందని, దానికి ఒంటికీ వైద్యం చేయాలని, మంచి మాటలతో మనసునూ కుదుటపరచాలని చెప్పాడు. "బంగారం లాంటి బిడ్డ పుట్టింది, ఇంకా ఏమిటి నీ ఏడుపు?" అని అడిగేవారికి వెయ్యేళ్లకు పైబడిన ఈ మాటే జవాబు. కారణం కనబడనంత మాత్రాన బాధ లేదని కాదు.

సౌదాను కొలిచే పరీక్ష ఏదీ నేటి ప్రయోగశాలల్లో లేదు. ఆధునిక వైద్యం ఈ జబ్బును వేరే మాటల్లో వివరిస్తుంది. అయితే రోగి దినచర్యను చక్కబెట్టడానికి యునానీ చూపిన దారి ఇప్పటికీ ఇంట్లో పనికొస్తుంది. దాన్ని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. మనిషి బతకడానికి తప్పనిసరైన ఆరు అంశాలని అర్థం. ఒక్కొక్కటే చూద్దాం.

1. గాలి: ఉదయం పూట అరగంట అతన్ని ఆరుబయటకు పంపండి. బిడ్డకు లేత ఎండ చూపించే పని అతనికే అప్పగిస్తే ఇద్దరికీ మంచిది. పురిటి గది పేరుతో కిటికీలన్నీ మూసి, సాంబ్రాణి పొగతో నింపిన గదిలో ఎవరికీ ఊపిరాడదు. గాలీ వెలుతురూ రానివ్వండి.

2. ఆహారం, పానీయం: భార్య పుట్టింట్లో ఉన్నప్పుడు అతను ఏం తింటున్నాడో ఎవరూ అడగరు. వేళ తప్పిన తిండి, రాత్రి మిగిలిన కూర, ఆకలేసినప్పుడల్లా టీ, ఇవన్నీ ఒంటిని ఎండబెడతాయి. ఎండిన, నిలవ ఉన్న, ఉప్పు ఎక్కువైన పదార్థాలు, వంకాయ, క్యాబేజీ, ఎర్ర కందిపప్పు వంటివి సౌదాను పెంచుతాయని యునానీ గ్రంథాలు చెబుతాయి. వాటికి బదులు వేడివేడి అన్నం, పెసరకట్టు, సొరకాయ, బీరకాయ కూరలు, పాలు, గుడ్డు, నానబెట్టిన బాదం, కిస్మిస్ ఇవ్వండి. పక్క వీధిలో ఉండే పిన్నిగారో వదినగారో వారానికి నాలుగు రోజులు ఒక క్యారియర్ పంపినా అది వైద్యమే. మందు మానాలి. తాగిన రాత్రి నిద్ర వచ్చినట్టే ఉంటుంది గానీ మధ్యలో మెలకువ వస్తుంది, మర్నాడు దిగులు ఎక్కువవుతుంది. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు, వైద్యుని పర్యవేక్షణలో మానాలి.

3. శరీర కదలిక, విశ్రాంతి: రోజుకు అరగంట చురుకైన నడక చాలు. "నడవమని" సలహా ఇచ్చి ఊరుకోకండి. కుంగుబాటులో ఉన్నవాడికి చెప్పులేసుకోవడమే కొండెక్కినంత పని. మీరే వచ్చి "రారా, టీకొట్టు దాకా పోయొద్దాం" అని తీసుకుపోండి.

4. మనసు కదలిక, విశ్రాంతి: కోపం, భయం, దుఃఖం, సంతోషం ఇవి కూడా ఒంటి మీద పనిచేస్తాయని యునానీ చెబుతుంది. దీన్ని గురించి కింద వివరంగా చెబుతాం.

5. నిద్ర, మెలకువ: ఆరింటిలో ఇదే ముఖ్యం. రాత్రిని రెండు ముక్కలు చేయండి. తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు బిడ్డను చూసుకుంటే, రెండు నుంచి ఏడు దాకా మరొకరు చూసుకోవాలి. పాలివ్వడం తల్లి పని. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేలా చేయడం, గుడ్డలు మార్చడం, జోకొట్టడం ఎవరైనా చేయవచ్చు. ఇద్దరికీ నాలుగైదు గంటలు ఏకధాటిగా కునుకు పట్టాలి. ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే వారానికి రెండు రాత్రులు ఆ బాధ్యత తీసుకోండి. పడుకునే ముందు అతని తలకు బాదం నూనె గానీ గుమ్మడి గింజల నూనె గానీ గోరువెచ్చగా మర్దన చేయడం యునానీలో వాడుకలో ఉన్న పద్ధతి. హాయిగా ఉంటుంది.

6. విసర్జన: దిగులు పట్టినవారికి మలబద్ధకం సర్వసాధారణం. నీళ్లు, ఆకుకూరలు, పండ్లు సరిపడా ఇవ్వండి. హకీం నాడి చూసేటప్పుడు ఈ సంగతి తప్పక అడుగుతారు. సిగ్గుపడకుండా చెప్పమనండి.

ఏం మాట్లాడాలి? ఏం మాట్లాడకూడదు?

ఈ మాటలు వద్దు: "మగాడివి, ఏడుపేమిటి?", "మేం నలుగుర్ని పెంచలేదా?", "పురుడు పోసుకున్నది అది, నీకెందుకు నీరసం?", "బిడ్డ వచ్చిన వేళ బాగాలేదు." ఈ చివరి మాట ముఖ్యంగా ప్రమాదం. దిగులులో ఉన్న తండ్రి దాన్ని మనసులో పెట్టుకుంటే బిడ్డ మీద విముఖత పెరుగుతుంది.

నలుగురిలో కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఎదురెదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే మగవాళ్లు నోరు మెదపరు. బండి మీద పోతున్నప్పుడో, పక్కపక్కనే నడుస్తున్నప్పుడో మాట సులువుగా వస్తుంది. అమ్మ అయితే "నాన్నా, నెల రోజులుగా నీ ముఖంలో కళ లేదురా. నిద్ర పడుతోందా?" అనవచ్చు. మామగారైతే "బాబూ, డబ్బు సంగతి మనం తర్వాత చూసుకుందాం. ముందు నువ్వెలా ఉన్నావో చెప్పు" అనవచ్చు. స్నేహితుడైతే "ఒరేయ్, మా వాడు పుట్టినప్పుడు నాకూ పిచ్చెక్కినట్టే ఉండేది" అని తన అనుభవం ముందు చెబితే అతనికి ధైర్యం వస్తుంది. అతను చెప్పేటప్పుడు వెంటనే సలహాలు ఇవ్వకండి. విన్నాక "ఇది జబ్బే, తగ్గుతుంది, నేను తోడు వస్తాను, డాక్టరు దగ్గరకు పోదాం" అనండి. అందులో "నేను తోడు వస్తాను" అన్నది ముఖ్యం.

బిడ్డను అతని చేతికివ్వండి. అల్లుడి మర్యాదలు పక్కనబెట్టి, పురిటింట్లోనే నీళ్లు పోయడం దగ్గర నుంచి ఉయ్యాల ఊపడం దాకా ఒక్కో పనీ నేర్పండి. తప్పు చేస్తే నవ్వకండి. చొక్కా విప్పి బిడ్డను గుండెకు హత్తుకుని పడుకోబెట్టుకోవడం చాలా మంచిది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఆస్పత్రుల్లో ఇదే పద్ధతిని కంగారూ సంరక్షణ పేరుతో చేయిస్తారు. అది తండ్రి కూడా చేయవచ్చు. తల్లీబిడ్డా దూరంగా ఉంటే రోజూ ఒకే సమయానికి వీడియో కాల్ పెట్టించండి. బిడ్డ స్నానమో నిద్రో చూపించండి.

సెలవు సంగతి కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ఇద్దరి కంటే తక్కువ పిల్లలున్నవారికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి ఆరు నెలల లోపు దాన్ని వాడుకోవచ్చు. బారసాల కోసమే అంతా ఖర్చు చేయకుండా, తల్లీబిడ్డా ఇంటికి వచ్చే వారానికి ఉంచుకోవడం తెలివైన పని. ఇతర ఉద్యోగాల్లో ఉన్నవారు తమ కంపెనీ నియమాలు కనుక్కోవాలి.

ఇక భార్య విషయం. ఆమె పచ్చి బాలింత. భర్తను ఓదార్చే భారం కూడా ఆమె నెత్తిన వేయకండి. "నువ్వే ఏదో అన్నావు, అందుకే వాడిలా అయ్యాడు" అనే నింద అసలు పనికిరాదు. పైన చెప్పినట్టు ఒకరికి కుంగుబాటు ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం ఎక్కువ. కనుక ఇద్దరినీ కలిపి వైద్యునికి చూపించడం మంచిది.

మందుల విషయంలో జాగ్రత్తలు

దిగులు, గుండెదడ, మెదడు నీరసం వంటి వాటికి ఖమీరా గావజబాన్, ఖమీరా గావజబాన్ అంబరీ, ఇత్రీఫల్ ఉస్తుఖుద్దూస్, మాజూన్ నజాహ్ వంటి మందులను హకీములు రోగి మిజాజ్, అంటే స్వభావం చూసి ఇస్తారు. వీటిని దుకాణంలో కొని సొంతంగా వాడకండి. ఖమీరాలు, మాజూన్‌లు పాకంతో తయారవుతాయి కనుక మధుమేహం ఉన్నవారు ముందే చెప్పాలి. మాజూన్ నజాహ్‌లో విరేచనకారి దినుసులుంటాయి. భర్తకు ఇచ్చిన మందు పాలిచ్చే భార్యకు ఇవ్వకండి.

మధ్యస్థమైన, తీవ్రమైన కుంగుబాటుకు వీటినే నమ్ముకుని కూర్చోవడం తగదు. మానసిక వైద్యులు చేసే మాటల చికిత్స, కుంగుబాటు మాత్రలు పనిచేస్తాయని గట్టి ఆధారాలున్నాయి. మాత్రల ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త బాగుండగానే సొంతంగా ఆపేయకూడదు. యునానీ మందులు కూడా వాడుతుంటే ఆ సంగతి ఆ డాక్టరుకూ, ఆ మాత్రల సంగతి హకీంకూ చెప్పాలి.

ఎక్కడికి వెళ్లాలి?

టెలి మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం. తెలుగులో మాట్లాడే వీలుంది. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ ఎంత వచ్చినా గుండె బరువు దించుకోవడానికి అమ్మభాషే కావాలి కదా. ముందు అతను చేయకపోతే మీరే చేసి సలహా అడగండి.

బెంగళూరులో నిమ్హాన్స్, చెన్నైలో కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ, బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆస్పత్రి, షోలాపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి, యానాం వారికి దగ్గరలోని కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి వంటి చోట్ల మానసిక వైద్యులుంటారు. యునానీ వైద్యం కోరేవారు బెంగళూరు మాగడి రోడ్డులోని జాతీయ యునానీ వైద్య సంస్థలో, చెన్నై అరుంబాక్కంలోని ప్రభుత్వ యునానీ వైద్య కళాశాలలో, ముంబైలో, ఒడిశాలోని భద్రక్‌లో ఉన్న ప్రాంతీయ యునానీ పరిశోధన సంస్థల్లో చూపించుకోవచ్చు. ప్రైవేటు హకీం దగ్గరకు వెళితే బి.యు.ఎం.ఎస్. పట్టా, రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలి. పాలసీ ఉన్నవారు అడిగి తెలుసుకోండి.

వెంటనే కదలవలసిన సందర్భాలు

చనిపోతానని అన్నా, వీడ్కోలు చెబుతున్నట్టు మాట్లాడినా, బిడ్డకు ఏదైనా చేస్తానేమోనని భయపడుతున్నా, ఎవరికీ వినబడని మాటలు వినబడుతున్నాయన్నా అతన్ని ఒంటరిగా వదలకండి. పురుగు మందులు, నిద్రమాత్రలు, తాళ్లు, కత్తులు అందకుండా చేయండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అడగటమే మంచిది. 14416కు ఫోన్ చేయండి, లేదా 108 వాహనంలో దగ్గరి ఆస్పత్రికి తీసుకుపోండి.

బిడ్డ ఏడుపు ఆపక కోపం నషాళానికి అంటిన క్షణంలో ఏం చేయాలో ప్రతి తండ్రికీ ముందే చెప్పి ఉంచండి. పసిబిడ్డను పట్టుకుని కుదపకూడదు. కుదిపితే మెదడులో రక్తస్రావం జరిగి ప్రాణానికే ముప్పు. బిడ్డను పక్క మీద వెల్లకిలా, పడిపోని చోట పడుకోబెట్టి, గది బయటకు వచ్చి, ఇంట్లో ఇంకొకరిని పిలవాలి. ఎవరూ లేకపోతే అయిదు నిమిషాలు బయట నిలబడి ఊపిరి పీల్చుకుని మళ్లీ వెళ్లాలి. ఆ అయిదు నిమిషాల ఏడుపు వల్ల బిడ్డకు ఏమీ కాదు.

మీకు తెలిసిన ఇళ్లలో ఏడాది లోపు బిడ్డ ఉన్న ఇల్లు ఒకటైనా ఉండే ఉంటుంది. ఈ వారం అక్కడికి వెళ్లినప్పుడు బిడ్డకు గౌను, బాలింతకు పండ్లు పట్టుకెళ్లండి. కాసేపు బిడ్డను ఎత్తుకుని ఆ తండ్రిని పడుకోమనండి. నిద్ర లేచాక అతనికి ఒక కప్పు టీ ఇచ్చి, "నువ్వెలా ఉన్నావు?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.